అగ్గిలో ఇనుప గర్డరు, కట్టె దూలం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూల్లో ఉంటూ గోడౌన్లు, రేకుల షెడ్లు, పాత మిద్దెల రిపేర్లు చూసుకునే సివిల్ ఇంజనీరుని నేను. ఆదోని జిన్నింగ్ మిల్లుల వైపు నుంచి, అనంతపురం నూనె మిల్లుల నుంచి, కడప పాత వీధుల నుంచి ఫోన్లు వస్తుంటాయి. కట్టబోయే ముందు ఫోన్ చేసేవాళ్లు ఖర్చు గురించి అడుగుతారు, కాలిపోయాక చేసేవాళ్లు టెన్షన్‌తో అడుగుతారు. ఇద్దరి ప్రశ్నలూ దాదాపు ఒకటే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడి లెక్కలు విషయం అర్థం కావడానికే. మీ బిల్డింగ్ సంగతి దాన్ని కళ్లతో చూశాకే చెప్పగలను.

ఇనుము కాలదు కదా సార్, మరి అగ్గికి భయమెందుకు?

కమ్మరి కొలిమి దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? నాగలి కర్రు సాగదీసేటప్పుడు కమ్మరి ఇనుమును కరిగించడు. ఎర్రగా కాల్చి దాగలి మీద పెట్టి రెండు దెబ్బలేస్తాడు, అది చెప్పినట్టు వంగుతుంది. ఉక్కు కరగాలంటే 1400 డిగ్రీలు దాటాలి. ఇళ్లలో, దుకాణాల్లో వచ్చే అగ్గి సాధారణంగా అంత దూరం పోదు, 800 నుంచి 1100 డిగ్రీల మధ్య ఉంటుంది. అయితే గర్డరు పడిపోవడానికి కరగనక్కర్లేదు, మెత్తబడితే చాలు. కొలిమిలో కర్రును వంచడానికి సుత్తి కావాలి. మీ గోడౌన్లో ఆ సుత్తి పని పైకప్పు బరువే చేస్తుంది.

ఏ వేడికి ఎంత బలం పోతుంది?

ఉక్కు కట్టడాలకు మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 800 (2007) కోడ్‌లో దీనికి చిన్న సూత్రం ఉంది. 215 డిగ్రీలు దాటాక, 905 లోంచి ఉక్కు వేడిని తీసేసి 690తో భాగిస్తే మిగిలిన బలం ఎంతో వస్తుంది. 550 డిగ్రీల దగ్గర లెక్కేయండి: 355ని 690తో భాగిస్తే 0.51. అంటే సగం పోయింది. 700 దగ్గర మిగిలేది 30 శాతం లోపే.

చీకట్లో ఇనుము మసక ఎరుపుగా కనపడటం మొదలయ్యేది కూడా ఇంచుమించు ఈ 500, 550 డిగ్రీల దగ్గరే. కాబట్టి గర్డరు ఎర్రబడటం మీ కంటికి కనిపించిందంటే దాని బలం సగానికొచ్చిందని లెక్క. అప్పుడు దాని కింద ఉండకూడదు.

సగం బలం పోతే వెంటనే కూలుతుందా అంటే, దాని మీదున్న బరువును బట్టి. పూర్తి శక్తిలో నాలుగో వంతు బరువే మోస్తున్న గర్డరు 700 దాటినా నిలబడొచ్చు. డిజైన్‌లో ఒక బరువు అనుకుని, తర్వాత పైన రెండు వాటర్ ట్యాంకులు ఎక్కించినవాళ్ల గర్డరుకి ఆ వెసులుబాటు ఉండదు.

ఉక్కు అంత వేడెక్కడానికి ఎంతసేపు పడుతుంది?

మీరనుకునే దానికంటే చాలా తక్కువ సేపు. పరీక్షల్లో వాడే ప్రామాణిక మంట లెక్క ప్రకారం గది వేడి 5 నిమిషాలకు 575 డిగ్రీల పైన, అరగంటకు 840 పైన, గంటకు 945 దగ్గర ఉంటుంది. ఇనుము వేడిని ఆపుకోలేదు. ఒక వైపు తగిలిన వేడి క్షణాల్లో మందమంతా పాకుతుంది. మన దగ్గర మేడ మెట్లకీ అటకలకీ విరివిగా వాడే, ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఆకారంలో ఉండే ఐఎస్ఎంబీ 200 గర్డరునే తీసుకోండి. ఎత్తు 20 సెంటీమీటర్లు చూసి ఎంత దిట్టంగా ఉందో అనుకుంటాం. మధ్యలో ఉండే నిలువు రేకు మందం మాత్రం 6 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పైన ఏ తొడుగూ లేని ఇలాంటి గర్డరు 15, 20 నిమిషాల్లో ప్రమాదపు వేడికి చేరుతుంది.

అదే బరువున్న ఇనుమును మందపాటి కడ్డీలా పోతపోస్తే ఇంకాస్త ఆగుతుంది. మంటకు తగిలే చుట్టుకొలత ఎక్కువై, లోపల ఇనుము తక్కువైన కొద్దీ తొందరగా వేడెక్కుతుంది. పల్చటి దోసె పెనం, మందపాటి దోసె పెనం మధ్య తేడా ఇదే.

కట్టె దూలం అంటుకుంటుంది కదా, అది ఇనుముకంటే ఎలా నయం?

ఇది మా అవ్వ వాళ్లింట్లో చూసిన సంగతి. కడప జిల్లాలో ఒక ఊరు, పాత మట్టి మిద్దె. వంటింటి అటక మీద పేర్చిన కంది కట్టెకి ఒక మధ్యాహ్నం నిప్పంటుకుంది. ఊరి జనం బిందెలతో నీళ్లు మోసి ఆర్పేసరికి ముప్పావు గంట దాకా పట్టింది. అటక చెక్కలు మిగల్లేదు. పైన వేప దూలం మాత్రం నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి, అలాగే ఉంది. మిద్దె కూలలేదు.

తర్వాత వడ్రంగి వచ్చి, మార్చక తప్పదని దాన్ని దింపి అడ్డంగా కోశాడు. ఆ ముక్కను నేను చేత్తో పట్టుకున్నాను. పైన రెండు సెంటీమీటర్ల బొగ్గు, గోటితో గీకితే రాలిపోతోంది. దాని కింద దారమంత మందాన ముదురు గోధుమరంగు చార. ఆ కింద నుంచి నడిమి దాకా కొత్త కట్టె లాంటి కట్టె, రంపం పొట్టులో ఇంకా వేప చేదు వాసన. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో చదివిన దానికంటే ఆ ముక్క నాకు ఎక్కువ నేర్పింది.

జరిగేది ఇది. కట్టె దాదాపు 300 డిగ్రీల దగ్గర బొగ్గవుతుంది. ఆ బొగ్గు పొరే లోపలికి వేడి పోకుండా దుప్పటిలా అడ్డుపడుతుంది. పైగా కట్టెకు వేడిని లోపలికి పంపే గుణమే తక్కువ. ఉక్కు దానికి సుమారు 300 రెట్లు ఎక్కువగా పంపుతుంది. అందుకే బొగ్గు గీత నుంచి నాలుగు సెంటీమీటర్లు లోపలికి పోతే కలపకు అగ్గి సంగతే తెలియదు. గట్టి కలపలో బొగ్గు పొర నిమిషానికి అర మిల్లీమీటరు చిల్లర చొప్పున లోపలికి పోతుంది. మెత్తటి పైన్ లాంటి వాటిలో 0.7, 0.8 దాకా ఉంటుంది. ఈ వేగం కాస్త నిలకడగా ఉండటమే దీనిలో సుఖం, ఎంతసేపు ఆగుతుందో ముందే లెక్కేయొచ్చు.

20 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు ఉన్న టేకు దూలం అనుకోండి, మూడు వైపుల నుంచి మంట. అరగంటకు బొగ్గు, దాని వెనక వేడికి పనికిరాకుండా పోయిన పొర కలిపి ప్రతి వైపూ రెండున్నర సెంటీమీటర్ల లోపే పోతుంది. మిగిలిన దూలానికి మొదటి బలంలో 60 శాతం పైనే ఉంటుంది. గంటకు 40 శాతం చిల్లర. ఏ రక్షణా లేని గర్డరు అరగంట దాటిందంటే అదృష్టం.

అయితే ఇంటికి కట్టెలే వేయించుకోమంటారా?

అలా అనలేదు. పైన చెప్పిందంతా లావుపాటి దూలం గురించి. దాని మీద అడ్డంగా పరిచే దంతెల సంగతి వేరు. 5 సెంటీమీటర్ల వెడల్పున్న దంతెకు రెండు పక్కలా రెండున్నర చొప్పున పోతే మిగిలేదేంటి? అరగంటకు ఏమీ ఉండదు. ప్లైవుడ్, ఫాల్స్ సీలింగ్ పట్టీలు, అటక చెక్కలైతే అసలు దూలానికి అగ్గి పెట్టే పుల్లలు.

రెండో సంగతి చెద. పాత మిద్దెల్లో దూలం చివర గోడలో దిగే చోట తేమ పట్టి, పుచ్చి ఉంటుంది. సుత్తితో కొడితే డప్పులా మోగే దూలానికి నేను చెప్పిన లెక్క ఏదీ వర్తించదు. మూడోది ఇనుప బోల్టులు, పట్టీలు. కట్టెలోకి దిగిన బోల్టు వేడిని లోపలికి మోసుకుపోయి తన చుట్టూ ఉన్న కట్టెను లోపలి నుంచే బొగ్గు చేస్తుంది. దూలం బాగుండి అతుకు ఊడి పడ్డవి ఉన్నాయి.

ఇంకొకటి. కట్టె మంటకు తిండి కూడా. దూలం నిలబడినా ఇల్లంతా పొగతో, సెగతో నిండడానికి అది కూడా తోడవుతుంది. పారిస్‌లో నోత్రదామ్ చర్చి పైకప్పు 2019 ఏప్రిల్ 15న కాలినప్పుడు వందల ఏళ్ల నాటి ఓక్ దూలాలే ఆ మంటకు మేత అయ్యాయి. మంటను ఎవరూ ఆపకపోతే ఎంత లావు దూలమైనా చివరికి బూడిదే.

మాది చౌడుమట్టి మిద్దె, కింద దూలాలు, మధ్యలో బండలు. మాకేం ప్రమాదం?

మన సీమ ఇళ్లకు ప్రత్యేకమైన ప్రశ్న ఇది. బయటి పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు. దూలాలు, వాటి మీద దంతెలు, పైన బేతంచెర్ల నాపరాయో కడప బండో, ఆపైన జానెడు చౌడుమట్టి. మట్టి కాలదు, పైనుంచి వచ్చే నిప్పురవ్వలను లెక్కచేయదు. కొట్టాలు వరసగా అంటుకున్నప్పుడు పక్కనున్న మిద్దె బతికిపోవడం పెద్దవాళ్లు చూసే ఉంటారు.

చిక్కల్లా లోపల పుట్టిన అగ్గితోనే. మన బండ సున్నపురాయి జాతి, పొరలు పొరలుగా ఉంటుంది. పొయ్యి కింద వేసిన బండ టప్పుమని పగలడం ప్రతి ఇంట్లో తెలిసిందే. పైకప్పులో బండ కూడా కింద వైపు వేడెక్కి, పై వైపు చల్లగా ఉండి, పెచ్చులుగా ఎగిరి పడుతుంది, లేదా నిలువునా చీలుతుంది. దూలం గట్టిగానే ఉన్నా రెండు దంతెల మధ్య బండ విరిగి, మీదున్న మట్టితో సహా నెత్తిన పడొచ్చు. 15 సెంటీమీటర్ల మందాన మట్టి ఉంటే చదరపు మీటరుకి పావు టన్ను దాకా తూగుతుంది, బండ బరువు కాక.

ఆ మట్టి మీద నీళ్లు పోస్తే బరువు ఇంకా పెరుగుతుంది. అగ్గి ఆరిందని సంబరపడి, నీళ్లు తాగిన మిద్దె కిందికి బీరువా కోసం దూరేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఫైర్ వాళ్లు చెప్పేదాకా, ఆ తర్వాత కూడా మధ్యలో ఆసరా గుంజలు పెట్టేదాకా లోపలికి పోవద్దు. గవాచి (వెలుతురు కోసం మిద్దెకు పెట్టే కంత) ఉన్న గదిలో పొగా వేడీ పైకి పోతాయి కాబట్టి దూలానికి కొంత ఊరట ఉంటుంది, అదే దారిన గాలి ఆడి మంట పుంజుకోనూ వచ్చు.

గోడౌన్ కాలితే గోడలెందుకు పడిపోతాయి? గోడకు అగ్గి అంటదు కదా.

గోడను గర్డరు తోస్తుంది. 6 మీటర్ల గర్డరు 500 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర, నాలుగు సెంటీమీటర్లు పొడుగు సాగుతుంది. రెండు చివరలూ గోడలో బిగించి ఉంటే ఆ పొడుగు ఎక్కడికి పోవాలి? గోడను బయటికి నెడుతుంది. సిమెంటుతో కట్టిన గోడ కాసేపు ఎదురొడ్డుతుంది. మన పాత బజార్లలో మట్టి అడుసుతో కట్టిన రాతిగోడకు ఆ ఓపిక లేదు.

ఒక పత్తి గోడౌన్ కాలిన మర్నాడు పోయి చూశాను. గర్డర్లు ఊయలలా జారి ఉన్నాయి, ఉత్తరం గోడ వీధి వైపు పడి ఉంది, దక్షిణం గోడ లోపలికి వాలి ఉంది. యజమాని రెండు గోడలు రెండు వైపులకు ఎందుకు పోయాయని అడిగాడు. గర్డరు ముందు వేడికి సాగి ఉత్తరం గోడను తోసింది. తర్వాత మెత్తబడి కిందికి జారుతూ, దక్షిణం గోడలో చివర గట్టిగా ఇరుక్కుని ఉండటంతో దాన్ని లోపలికి లాక్కుంది. ఒకే గర్డరు రెండు పనులూ చేసింది. అందుకే అగ్గి మండుతుంటే గోడ పక్కన నిలబడి చూడొద్దు. కనీసం గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరంగా ఉండండి.

రేకుల షెడ్డు తేలిక కదా, అంత బరువు లేదు కదా?

బరువు తక్కువే, ఇనుము కూడా తక్కువే. కప్పును మోసే యాంగిల్ ట్రస్సులు, వాటి మీద రేకులు బిగించే రెండు మిల్లీమీటర్ల పర్లిన్లు దాదాపు మంటతో పాటే వేడెక్కుతాయి. మొత్తం కప్పు ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. సిమెంట్ రేకులైతే బాంబుల్లా పేలుతూ ముక్కలు ఎగురుతాయి. 1967 జనవరిలో షికాగోలో మెక్‌కార్మిక్ ప్లేస్ అనే పెద్ద ఎగ్జిబిషన్ హాలు కాలింది. కాంక్రీటు, ఉక్కుతో కట్టింది కాబట్టి కాలదని అందరూ నమ్మిన బిల్డింగ్ అది. పైకప్పు ఉక్కుకు ఏ తొడుగూ లేక, లోపల స్టాళ్ల సరుకు మండేసరికి కప్పు కూలిపోయింది. మన షెడ్లలో పత్తి బేళ్లు, వేరుశనగ మూటలు ఆ స్టాళ్ల కంటే తక్కువేం కాదు.

దూలాలుగా పాత రైలు పట్టాలు వేశారు మా తాతలు. అవి గట్టివే కదా?

మందం ఎక్కువ కాబట్టి సాధారణ గర్డరు కంటే నెమ్మదిగా వేడెక్కుతాయి, ఆ మేరకు మేలు. పట్టా ఉక్కులో కార్బన్ ఎక్కువ, వెల్డింగ్ సరిగా పట్టదు, అతుకు దగ్గర పుటుక్కున విరుగుతుంది. అగ్గి తగిలిన పట్టాకు వెల్డింగ్ ముక్క అతికించి మళ్లీ వాడకండి.

స్లాబు ఇల్లయితే నిశ్చింతేనా?

చాలావరకు. స్లాబులో కడ్డీ కూడా ఉక్కే, అదే వేడికి మెత్తబడుతుంది. దాన్ని కాపాడేది కవరు, అంటే కడ్డీ కింద ఉండే కాంక్రీటు మందం. మేస్త్రీ కవర్ బ్లాకులు పెట్టకుండా కడ్డీలను సెంట్రింగ్ రేకు మీదే పడుకోబెట్టాడంటే మీ స్లాబు అగ్గి ముందు బట్టల్లేకుండా నిలబడ్డట్టే. కాంక్రీటులో తేమ ఉంటే వేడికి పెచ్చులు ఎగిరిపడటం మామూలే.

గర్డరుకు రెడ్ ఆక్సైడ్ వేయించాం, చాలదా?

అది తుప్పుకు. అగ్గికి దానికీ సంబంధం లేదు.

అగ్గి కోసం వేరే పెయింట్ ఉంది. వేడి తగలగానే అప్పడంలా పొంగి, ఒక మిల్లీమీటరు పూత సెంటీమీటర్ల మందం నురుగు బొగ్గుగా మారి ఇనుముకు దుప్పటి కప్పుతుంది. ఖరీదే. ఎంత మందాన (ఎన్ని మైక్రాన్లు) వేశారో కొలిపించకుండా బిల్లు కట్టొద్దు, పల్చగా వేస్తే వేయనట్టే. దాని మీద మామూలు ఎనామెల్ రంగు ఇష్టమొచ్చినట్టు పూస్తే పొంగడం ఆగిపోతుంది.

బడ్జెట్ లేనివాళ్లకు నేను చెప్పేది కాంక్రీటు తొడుగు. చుట్టూ మెష్ కట్టి 5 సెంటీమీటర్ల కాంక్రీటు పోస్తే రెండు గంటల దాకా నిలబెట్టొచ్చు. బరువు పెరుగుతుంది, అది ముందే లెక్కలో వేసుకోవాలి. జిప్సం బోర్డు పెట్టె కట్టడం ఇంకో దారి. జిప్సంలో బరువులో ఐదో వంతు నీరే, అది ఆవిరయ్యేదాకా వెనకున్న ఇనుము 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. వర్మిక్యులైట్ ప్లాస్టర్ కూడా మంచిదే.

మన పులివెందుల కొండల్లో ఒకప్పుడు రాతినార (ఆస్బెస్టాస్) తవ్వేవాళ్లు. ప్రపంచమంతా ఇలాంటి రాతినారనే ఉక్కు మీద చల్లి అగ్గికి కవచం అనుకుంది. పని బాగానే చేసింది కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చింది. పాత బిల్డింగుల్లో గర్డరు మీద నారనారగా తెల్లటి పూత కనిపిస్తే గీకొద్దు.

న్యూయార్క్ టవర్లలో ఉక్కు కరిగిపోయిందంటారు, నిజమేనా?

2001లో విమానాలు ఢీకొన్న ఆ టవర్లు కూలింది ఉక్కు కరగడం వల్ల కాదు, దెబ్బతిన్న ఉక్కు పైగా వేడికి మెత్తబడటం వల్ల. పక్కనే ఉన్న ఏడో నంబరు బిల్డింగ్‌కి విమానం తగల్లేదు. అయినా అదే రోజు సాయంత్రం కూలింది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ విచారణలో తేలింది, ఫ్లోర్ దూలాలు వేడికి సాగి ఒక ముఖ్యమైన గర్డరును దాని పీట మీద నుంచి నెట్టేశాయని. మన గోడౌన్ గోడ కథే, పెద్ద సైజులో.

దీనికి వ్యతిరేకంగా ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే భయపెట్టినట్టవుతుంది. 1990ల మధ్యలో ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో 8 అంతస్తుల ఉక్కు బిల్డింగ్ కట్టి కావాలనే కాల్చి చూశారు. రక్షణ లేని దూలాలు 1000 డిగ్రీలు దాటి, బాగా జారాయి గానీ బిల్డింగ్ కూలలేదు. పైనున్న స్లాబు నులకమంచంలా సాగి బరువును పక్కలకు మోసింది. ఒంటరి గర్డరు వేరు, అన్నిటితో కలిసికట్టుగా ఉన్న గర్డరు వేరు. మన షెడ్లలో ఎక్కువ భాగం ఒంటరివే.

అగ్గి ఆరాక అవే గర్డర్లు వాడుకోవచ్చా? కొత్తవాటికి లక్షలవుతాయి.

చాలాసార్లు వాడొచ్చు. మామూలు గర్డరు ఉక్కు 600 డిగ్రీల లోపు వేడెక్కి చల్లారితే పోయిన బలం దాదాపుగా తిరిగొస్తుంది. తిన్నగా ఉన్న గర్డరు మీద నాకు నమ్మకం ఎక్కువ. వంగి, మెలితిరిగిందంటే దాన్ని తుక్కు కిందే లెక్కేసుకోండి. బోల్టులు మాత్రం అన్నీ మార్చండి. గట్టి రకం బోల్టులకు ఆ బలం ఫ్యాక్టరీలో వేడి పెట్టి తెచ్చింది, అగ్గిలో అది శాశ్వతంగా పోతుంది. పైగా సాగిన గర్డరు చల్లారేటప్పుడు కుంచించుకుని బోల్టులను లాగుతుంది. అగ్గి ఆరిన గంటల తర్వాత అతుకులు తెగడం అందుకే.

ఎంత వేడెక్కిందో ఎలా తెలుస్తుందని అడుగుతారు. బూడిదే చెబుతుంది. జీఐ రేకు మీద జింకు 420 డిగ్రీల దగ్గర, అల్యూమినియం 660 దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. ఒక కిరాణా షాపులో అల్యూమినియం డబరా నేల మీద పెరుగు ఒలికినట్టు గడ్డకట్టి ఉంది, పక్కనే కరెంటు తీగలో రాగి చెక్కుచెదరలేదు. అంటే అక్కడ వేడి ఆ రెండిటి మధ్య ఉంది. బండ తెల్లబడి, నీళ్లు చల్లితే సుయ్యిమని పిండిగా రాలుతుంటే సున్నపు బట్టీ వేడి తగిలిందని అర్థం, 800 పైమాటే. అందుకే కాలిన చోటును వెంటనే ఊడ్చి శుభ్రం చేయొద్దు, ఆధారాలన్నీ చెత్తలో పోతాయి.

మీకు ఏం పంపితే చెప్పగలరు?

ముందు ఎవరైనా లోపలున్నారా చూసుకుని 101కి ఫోన్ చేసి ఉంటారనుకుంటాను. అన్నీ చల్లారి, ఫైర్ వాళ్లు సరే అన్నాక, బయట నిలబడే ఫోటోలు తీయండి. గర్డరు ఒక చివర నుంచి ఇంకో చివరకు దారం బిగించి, మధ్యలో దారానికీ గర్డరుకీ ఎంత సందుందో టేపు పెట్టి ఫోటో తీయండి. అది కుదరకపోతే వదిలేయండి, నేనొచ్చి చూస్తాను. కట్టె దూలమైతే ఉలితో ఒకచోట బొగ్గు గీకించి, కట్టె తగిలేదాకా ఎంత లోతు పోయిందో స్కేలు పెట్టి చూపించండి. "కొంచెం వంగినట్టుంది సార్, పర్వాలేదా?" అని ఒక్క లైను వాట్సాప్ పెడితే నేను చెప్పగలిగేది ఒకటే: దాని కిందికి పోవద్దు.